హోం సైన్సులో ఇరవై తొమ్మిది

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. కాళ్లకి చక్రాలు కట్టుకుని పుట్టిందని మా అమ్మ తిట్టేది. పదకొండేళ్లుగా మా పాలెం అంగన్‌వాడీలో ఆయాగా చేస్తున్నాను. ఆ పనిలో కూర్చునే తీరికే ఉండదు కాబట్టి నాకు సరిగ్గా సరిపోయింది. అలాంటిదాన్ని, ముప్పై మూడేళ్ల వయసులో, ఏడాది పాటు పుస్తకం ముందు కూర్చోబెట్టిన ఘనత కోటేశ్వరి టీచరు గారిది.

ఆవిడ మా సెంటరుకి టీచరు. కాపురం చిలకలూరిపేటలో. వారానికి రెండు రోజులు వచ్చేది. సూపర్‌వైజరు వచ్చే రోజు మాత్రం ఎలా తెలిసేదో గానీ తప్పకుండా వచ్చేది. మిగతా రోజుల్లో పిల్లల్ని ఇళ్ల దగ్గర్నుంచి చంకనెత్తుకు రావడం, పాటలు పాడించడం, వండి పెట్టడం, నిద్రపుచ్చడం, నెలకోసారి బరువులు తూచడం, చివరికి రిజిస్టర్లు రాయడం కూడా నేనే. సంతకం ఒక్కటే ఆవిడది. నేనేమీ అనేదాన్ని కాదు. అనడానికి ఆవిడ టీచరు, నేను ఆయా.

2008 జూన్‌లో ఒకరోజు ఆవిడే నన్ను పిలిచి చెప్పింది. "వచ్చే జూన్‌కి నేను దిగిపోతున్నా రెబ్కా. పదేళ్లు చేసిన ఆయాకి పది పాసై ఉంటే టీచరు పోస్టులో ముందు హక్కు దానిదే. నీకు పది లేదు. ఏడాది టైముంది. ఏం చేస్తావో చేసుకో."

నాకు తొమ్మిది ఉంది. పది చదివాను గానీ రాయలేదు. పరీక్షలు మార్చిలో, మిరపకాయ కోతలూ మార్చిలోనే. ఆ ఏడాది నాన్న మంచాన పడితే జనవరి నుంచే అమ్మతో చేలోకి పోయాను. హాజరు చాలలేదని హాల్ టికెట్టు ఇవ్వలేదు. అప్పుడు ఏడవలేదు. కోతకి పోతే చేతులు భగభగ మండుతాయి, ఆ చేతుల్తో కళ్లు తుడుచుకోకూడదు.

టీచరు గారు ఆ మాట అన్నాక నాకు మనసు మనసులో లేదు. ఆ ఆదివారమే మార్టూరు హైస్కూలుకి పోయాను. అక్కడ ఓపెన్ స్కూలు క్లాసులు జరుగుతాయని మా ఆయన ఇమ్మానియేలు చెప్పాడు. ఆయన మార్టూరులోనే గ్రానైటు పాలిషింగు యూనిట్లో పనిచేస్తాడు. అక్కడి లెక్కల మాస్టారు సంజీవరావు గారు ఈ క్లాసులు చూసుకుంటారు. నిలబడే మాట్లాడతానంటే ఆయన బలవంతాన కూర్చోబెట్టారు.

"ఐదు సబ్జెక్టులమ్మా. అందులో ఒక భాష తప్పనిసరి. మిగతా నాలుగూ ఈ జాబితాలోంచి నీ ఇష్టం. ఒక్కో దాంట్లో ముప్పై అయిదు మార్కులు తెచ్చుకోవాలి. ఒకసారి పాసైన సబ్జెక్టు ఐదేళ్ల దాకా నీదే. పోయినవి మాత్రమే మళ్లీ రాసుకోవచ్చు."

"అంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిరప బస్తాల్లాగానా అండీ?"

"అంతే. కాకపోతే ఐదు బస్తాలూ చేరితే గానీ లారీ కదలదు." ఆయన నవ్వారు. "ఏవేం తీసుకుంటావు?"

"ఇంగ్లీషు మాత్రం వద్దండి."

తెలుగు, సాంఘికం, సైన్సు అని మూడు రాశారు. లెక్కలంటే గుండెల్లో రాయి పడింది గానీ, లెక్కల మాస్టారి ముందు లెక్కలు వద్దని ఎలా అంటాను? సరే రాయండి అన్నాను. ఐదోది ఏమిటని జాబితా చూస్తే అందులో హోం సైన్సు అని ఉంది. హోం సైన్సంటే ఏమిటి సార్ అన్నాను. వంట, బట్టలు, పిల్లల పెంపకం, ఇల్లు సర్దుకోవడం అన్నారు. నాకు నవ్వాగలేదు. దానికి కూడా మార్కులిస్తారా అన్నాను. ఆ తరవాత తెలిసింది, మా బ్యాచిలో ఉన్న పద్నాలుగు మంది ఆడవాళ్లమూ అదే తీసుకున్నామని. పద్నాలుగు మందిలో ఒక్కరమూ ఆ పుస్తకం తెరవలేదు.

ఏడాదంతా లెక్కలతోనే సరిపోయింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే నేల మీద సుద్దతో చక్రవడ్డీ చేసుకునేదాన్ని. పిల్లలు వచ్చి దాని మీద పొర్లాడేవాళ్లు, మళ్లీ మొదట్నుంచి. తలకి ఇన్ని గ్రాముల చొప్పున బియ్యం, పప్పు, నూనె ముప్పై మందికి తూచి రిజిస్టర్లో ఎక్కించేదాన్నే కదా, దశాంశాలు పెద్ద కష్టం కాలేదు. బీజగణితం మాత్రం ప్రాణం తీసింది. నిలబడి చదివేదాన్ని, నడుస్తూ చదివేదాన్ని, సంజీవరావు మాస్టారు బోర్డు మీద రాస్తుంటే కూడా వెనక గోడకి ఆనుకుని నిలబడేదాన్ని. "ఆవిణ్ణి కూర్చోమనకండి, కూర్చుంటే ఆవిడ బుర్ర పనిచేయదు" అని షాజాదీ అందరికీ చెప్పేది. షాజాదీ మార్టూరులో బట్టలు కుడుతుంది, నాతోపాటు చదివింది.

మార్చిలో మాస్టారు ఒకసారి అడిగారు. "హోం సైన్సు ఎంతవరకు వచ్చింది?"

"ఎనిమిదో ఏట నుంచి అదే చదువుతున్నాను సార్."

"పుస్తకం ఒకసారి తిరగెయ్యమ్మా. మార్కులిచ్చేది పుస్తకాన్ని బట్టి."

"మీ ఇంట్లో అమ్మగారు ఏ పుస్తకం చూసి వండుతారో ఒకసారి కనుక్కోండి సార్."

క్లాసంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వి వదిలేశారు. అంతకుముందు ఒకసారి ఆ పుస్తకం అట్ట చూశాను. దాని మీద ఒకావిడ నలగని చీర కట్టుకుని నిలబడి వండుతోంది, వెనకాల ఫ్రిజ్జు ఉంది. ఈవిడ నాకు నేర్పేదేమిటి అనుకుని పుస్తకాన్ని బీరువా మీద పడేశాను. నోటి దురుసు నాకు మొదట్నుంచీ ఉంది.

పరీక్షలు మే నెలలో పెట్టారు. పరీక్ష సెంటరు ఎక్కడ పడిందో ఊరి పేరు చెప్పను. లెక్కల రోజు అడిగినవన్నీ చేశాను. హోం సైన్సు చివరి రోజు. పేపరు ఇచ్చిన అరగంటకి ఒకాయన కిటికీలోంచి గైడు కాగితాలు చింపి లోపలికి అందించాడు. ఇన్విజిలేటరు తలుపు దగ్గర నిలబడి రోడ్డు మీద బస్సులు చూస్తున్నాడు. కాగితాలు బెంచి నుంచి బెంచికి ప్రసాదంలా అందాయి. షాజాదీ ఒకటి నా వైపు తోసింది.

"తీసుకో రెబ్కా. అందరూ రాస్తున్నారు."

"వంటకి చీటీ పెట్టి రాస్తే మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి తంతుంది. నాకొద్దు."

నీతి కోసం వద్దనలేదు, ఉన్నమాట చెబుతున్నాను. లెక్కల రోజు ఎవరైనా ఇచ్చి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. ఇది మాత్రం నా పని, నా చేతికి వచ్చిన పని. ఇందులో ఒకడు నాకు అందించేదేమిటని ఒళ్లు మండింది.

నాకు తెలిసింది తెలిసినట్టు రాశాను. ఇంటి పనులు సులభం చేసుకునే మార్గాలు రాయమంటే, ఇంట్లో మగవాళ్లు కూడా ఒక చెయ్యి వేస్తే సగం సులభమవుతాయని ఒక్క ముక్కలో రాశాను. అంతకంటే మార్గం నాకు కనబడలేదు. గృహిణి దినచర్య ప్రణాళిక రాయమంటే నాలుగున్నరకి లేచింది మొదలు రాత్రి గిన్నెలు బోర్లించే దాకా నా రోజంతా గంటగంటకీ రాసి రెండు పేజీలు నింపాను. మూడేళ్ల పిల్లలకి ఒకరోజు ఆహారం రాయమంటే అన్నం, పప్పు, మునగాకు, గుడ్డు దొరికిన రోజు గుడ్డు అని రాశాను. అందరికంటే ముందు పేపరిచ్చి బయటికొచ్చి వేపచెట్టు కింద అటూ ఇటూ తిరిగాను. లోపల అందరూ చీటీలు చూసి రాస్తుంటే, నేను ఒక్కదాన్నే తలెత్తుకుని రాశానని గర్వంగా ఉంది కూడా.

ఫలితాలు జూన్ మూడో వారంలో వచ్చాయి. మార్టూరు బస్టాండు పక్క ఇంటర్‌నెట్ షాపులో కుర్రాడు నంబరు కొట్టి, కాగితం తీసి ఇచ్చాడు. తెలుగు అరవై ఎనిమిది. సాంఘికం యాభై ఒకటి. సైన్సు నలభై నాలుగు. లెక్కలు నలభై ఏడు. లెక్కలు చూడగానే అక్కడే గట్టిగా దేవుడికి స్తోత్రం చెప్పేశాను. షాపులో అందరూ తిరిగి చూశారు. ఆ కుర్రాడు, "కింద ఇంకోటి ఉందండి" అన్నాడు.

హోం సైన్సు ఇరవై తొమ్మిది.

కాగితం తిప్పి చూశాను. మళ్లీ ఒకసారి నంబరు కొట్టమన్నాను. మళ్లీ ఇరవై తొమ్మిదే వచ్చింది. నాతో చదివిన పద్నాలుగు మందిలో పదమూడు మంది హోం సైన్సు పాసయ్యారు. షాజాదీకి డెబ్భై మూడు.

ఇంటికొచ్చి చెబితే ఇమ్మానియేలు గ్రానైటు దుమ్ము పట్టిన తల దులుపుకుంటూ ముందు నమ్మలేదు. తరవాత నవ్వు మొదలుపెట్టాడు. "వంటలో ఫెయిలైన పెళ్లాంతో పదిహేనేళ్లు కాపురం చేశానా! నా పొట్టని మెచ్చుకోవాలి." ఆయన మంచివాడే. ఇంకో రోజైతే నేనూ నవ్వేదాన్ని. ఆ పూట నేను పొయ్యి వెలిగించలేదు. ఫెయిలైనవాళ్లు వండకూడదు అని చాప పరుచుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆయనే లేచి ఉప్మా చేశాడు. అందులో ఉప్పు లేదు. నేను చెప్పలేదు.

మర్నాడు సంజీవరావు మాస్టారి దగ్గరికి పోయాను. ఆయన ప్రశ్నపత్రం, పుస్తకం రెండూ ముందు పెట్టుకున్నారు.

"దినచర్యలో విశ్రాంతి ఎక్కడ రాశావు?"

"లేనిది ఎక్కడ రాయను సార్?"

"పుస్తకంలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా విశ్రాంతి, వినోదం అని ఉంది. దానికి మార్కులున్నాయి. పిల్లల ఆహారంలో పాలు అరలీటరు, ఒక పండు, వెన్న. దానికీ ఉన్నాయి."

"మా పిల్లలకి వెన్న ఎవరు పెడతారు సార్?"

"నువ్వు పెట్టావా లేదా అని ఎవరూ అడగలేదమ్మా. పుస్తకంలో ఉందా లేదా అనే చూస్తారు." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నాలుగు సబ్జెక్టులు ఎక్కడికీ పోవు. అక్టోబరులో ఇది ఒక్కటీ రాసెయ్."

నాలుగు సబ్జెక్టులు ఎక్కడికీ పోవు, నిజమే. పోస్టు ఆగుతుందా? కోటేశ్వరి టీచరు గారు ఆ నెలాఖరుకే దిగిపోయింది. జూలై మొదటి వారంలో మా సూపర్‌వైజరు ప్రేమమ్మ గారు సెంటరుకి వచ్చి గోడకి నోటిఫికేషను అంటించారు. ఆ ఊరి కోడలై ఉండాలి, పది పాసై ఉండాలి, వయసు ముప్పై అయిదు దాటకూడదు. గడువు జూలై ఇరవై. నేను నా కాగితం చూపించాను. ఆవిడ అంతా చదివి, ఇరవై తొమ్మిది దగ్గర ఆగి, నిట్టూర్చారు.

"ఆరు మార్కులు రెబ్కా."

"అక్టోబరు దాకా ఆపలేరా అమ్మగారూ?"

"నేనెవర్ని ఆపడానికి? అర్హత ఉన్నవాళ్లు ఒక్కరూ దరఖాస్తు పెట్టకపోతే నోటిఫికేషను వెనక్కి పోతుంది. మళ్లీ రావడానికి ఎంత లేదన్నా ఐదారు నెలలు." ఆవిడ హ్యాండ్‌బ్యాగు జిప్పు వేసుకుంటూ, నా వైపు చూడకుండా అన్నారు. "మీ ఊళ్లో ఈ వయసులో పది పాసైన కోడలు బాపయ్య గారి కోడలు ఒక్కతే. ఆ అమ్మాయి పెడుతుందో లేదో."

ఆవిడ బండెక్కి వెళ్లిపోయారు. నేను పిల్లలకి గుడ్లు ఒలిచి పెట్టి, చేతులు కడుక్కుని, సాయంత్రం నాలుగింటికే బాపయ్య గారింటికి బయల్దేరాను. దారంతా ఒకటే ఆలోచన. ఆ అమ్మాయి దరఖాస్తు పెట్టకూడదు. ఇది పాపమో కాదో ఆదివారం గుళ్లో ఆలోచించుకుందాం అనుకున్నాను.

బాపయ్య గారు మోతుబరి కాదు. నాలుగెకరాల పత్తి, రెండెకరాల మిరప. కోడలు శ్రీరమ్య పొదిలి దగ్గర పిల్ల, వచ్చి మూడేళ్లయింది, ఇరవై రెండు దాటవు. అత్తగారు సుబ్బరావమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. "ఏమే రెబ్కా, ఇటొచ్చావు?" అంది. నేను అరుగు కింద నిలబడ్డాను. పిలిస్తే కోడలు లోపల్నుంచి వచ్చింది.

"అంగన్‌వాడీకి పెడుతున్నావంట కదమ్మా" అన్నాను, తెలిసినట్టే.

"పెడదామనే ఉంది రెబ్కక్కా. మామయ్యగారు సరేనన్నారు. నాకే భయంగా ఉంది. నాకేమీ తెలీదు కదా."

భయంగా ఉందంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంక మొదలుపెట్టాను.

"భయపడాల్సిందేనమ్మా. పిల్లలు వాళ్లంతట వాళ్లు వస్తారనుకున్నావా? ఒక్కడూ రాడు. పొద్దున్నే ఇంటింటికీ పోయి ఎత్తుకు రావాలి. కోతల రోజుల్లో తల్లులు ఏడింటికే తెచ్చి గుమ్మంలో దించేసి చేలకి పోతారు. సాయంత్రం వచ్చి ఆ మిరప చేతుల్తోనే ఎత్తుకుంటారు. పిల్లాడి కళ్లు మండుతాయి, ఊరంతా ఎగిరిపోయేలా ఏడుస్తాడు. నీళ్లతో కడిగితే మంట ఇంకా పాకుతుంది. తల్లి చేతులకి ముందు కొబ్బరినూనె రాయించి తుడిపించాకే పిల్లాణ్ణి ఇవ్వాలి. సెంటర్లో నూనె సీసా గుమ్మం దగ్గరే ఉండాలి."

శ్రీరమ్య కళ్లు పెద్దవి చేసుకుని వింటోంది. పనిచేస్తోంది అనుకున్నాను.

"బరువులు తూచే రోజు ఇంకో గొడవ. బొద్దుగా ఉన్నవాణ్ణి ముందు తూచావంటే అయిపోయావు. దిష్టి తగిలిందని రెండు నెలలు పంపరు. సన్నగా ఉన్నవాళ్లతో మొదలుపెట్టాలి, అది కూడా అంకె పైకి చదవకూడదు. వానొస్తే పైకప్పు కారుతుంది, వంట వరండాలో చెయ్యాలి. గుడ్లు వస్తాయి, అందులో సగం కుళ్లువి. నీళ్లలో వేసి తేలినవన్నీ పారెయ్యాలి, పారేసినవి ఎన్నో రాసుకోవాలి, లేకపోతే నువ్వే తిన్నావంటారు."

"ఒక్క నిమిషం అక్కా" అని ఆ అమ్మాయి లోపలికి పరిగెత్తింది. భయపడి పోయింది, ఇంక రాదనుకున్నాను. వచ్చింది. చేతిలో నోటు పుస్తకం, పెన్ను.

"గుడ్లు తేలితే పారెయ్యాలి అన్నారు కదా. చెప్పండి, రాసుకుంటాను."

సుబ్బరావమ్మ మురిసిపోతూ, "చూశావా రమ్యా, రెబ్కా ఎంత ఓపిగ్గా చెబుతోందో. ఇంటర్వ్యూలో ఇవన్నీ అడుగుతారు, బాగా వినుకో" అంది. నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. ఆ కోపంలో, అనకూడదనుకున్నది కూడా అనేశాను.

"ఇంకోటి కూడా రాసుకో. మీ వాళ్ల పిల్లలు కొందరు నా చేతి అన్నం తినరు. ఊరవతలి పల్లెవాళ్లు వండింది తినొద్దని ఇంట్లో చెప్పి పంపుతారు. దానికేం చేస్తావు?"

సుబ్బరావమ్మ చింతపండు వైపు తల దించుకుంది. శ్రీరమ్య మాత్రం పెన్ను పట్టుకుని నన్నే చూస్తోంది.

"మీరేం చేస్తారక్కా?"

అంత సూటిగా అడిగితే అబద్ధం ఎలా చెబుతాను? "ఏం చేస్తాను, ఎవర్నీ ఏమీ అనను. అందర్నీ కలిపి పక్కపక్కన కూర్చోబెడతాను. వద్దన్నవాడి ముందు పళ్లెం పెట్టను. పక్కవాడు తింటుంటే చూస్తాడు, చూస్తాడు, ఆకలేసి వాడి పళ్లెంలోంచే లాక్కుని తింటాడు. అప్పుడు వాడికో పళ్లెం పెడతాను. మూడేళ్లవాడికి ఆకలే తెలుసు, ఇంకేం తెలియదు."

ఆ అమ్మాయి అది కూడా రాసుకుంది. మెల్లగా, ఒక్క మాట పోకుండా. నేను నీళ్లు కూడా అడక్కుండా వచ్చేశాను.

ఇంటర్వ్యూ ఆగస్టు మొదటి వారంలో, ప్రాజెక్టు ఆఫీసులో. సెంటరు రిజిస్టర్లు తెమ్మని ప్రేమమ్మ గారు నన్ను రమ్మన్నారు. శ్రీరమ్యా నేనూ ఒకే బస్సులో పోవలసి వచ్చింది. ఆ అమ్మాయి దారంతా నోటు పుస్తకం తెరిచి పెదాలు కదుపుతోంది. ఆఫీసు వరండాలో నేను కిటికీ పక్కన నిలబడ్డాను. కూర్చోమన్నారు, కూర్చోలేదు.

లోపల ఆఫీసరు గారు అడుగుతుంటే వినబడుతోంది. బరువులు తూచేటప్పుడు తల్లులు గొడవ పెడితే ఏం చేస్తావమ్మా? సన్నగా ఉన్నవాళ్లతో మొదలుపెడతానండి, అంకె పైకి చదవనండి. సరుకు పాడైనదొస్తే? నీళ్లలో వేసి చూస్తానండి, తేలినవి రాసి పారేస్తానండి. నా మాటలు నాకే వినబడుతున్నాయి, వేరే గొంతుతో. చేతిలో రిజిస్టర్లు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంటూ నిలబడ్డాను.

"ఆయా వండితే తినం అని కొందరు పిల్లలు అంటే?"

శ్రీరమ్య అదీ చెప్పింది. పక్కపక్కన కూర్చోబెట్టడం, పక్కవాడి పళ్లెంలోంచి లాక్కుని తినడం, అంతా. చివర్న, "మూడేళ్లవాళ్లకి ఆకలే తెలుసండి, ఇంకేం తెలియదు" అంది. లోపల ఎవరో మెచ్చుకుంటూ బల్ల మీద చరిచారు.

"ఇంత అనుభవం నీకెక్కడిదమ్మా?" అన్నారు ఆఫీసరు గారు.

"నాది కాదండి. మా సెంటరు ఆయా రెబ్కా గారు చెప్పారండి."

మా ఊళ్లో వాళ్లు ఎవరూ నన్ను గారు అనలేదు అంతవరకు. ఇప్పుడు అడుగుతారు, ఆ రెబ్కా ఎవరు, పిలవండి అంటారు అనుకున్నాను. పిచ్చిదాన్ని. చీర కొంగు సర్దుకున్నాను కూడా.

"ఆయా మంచిది దొరికిందన్నమాట. ఇంకేం, నీ పని సులువు" అన్నారు ఆఫీసరు గారు. తరవాతి వాళ్లని పిలిచారు.

తిరుగు బస్సులో శ్రీరమ్య నా పక్కనే కూర్చుంది. "రెబ్కక్కా, అక్టోబరులో మీరు పాసైపోండి. పాసవగానే ఈ పోస్టు మీకిచ్చేస్తాను. మామయ్యగారికి నేను చెప్పుకుంటాను."

"పోస్టంటే పెరుగు తోడా అమ్మా, ఇరుగూ పొరుగూ ఇచ్చిపుచ్చుకోడానికి?"

ఆ అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు జాలేసింది, ఒళ్లూ మండింది, రెండూ ఒకేసారి. తప్పు ఆ పిల్లది కాదు. తప్పు ఎవరిదో తెలిస్తే వెళ్లి నాలుగు దులిపేదాన్ని, తెలియక కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను. మార్టూరు రాకముందే లేచి తలుపు దగ్గర నిలబడ్డాను.

ఆగస్టు పదిహేడున శ్రీరమ్య చేరింది. ఛార్జీ అప్పగించడానికి ప్రేమమ్మ గారు వచ్చారు. టీచరు లేని ఈ నెలన్నరా సెంటరు నా చేతుల్లోనే ఉంది కాబట్టి అప్పగించేది నేనే. బియ్యం ఇన్ని కిలోలు, నూనె ప్యాకెట్లు ఇన్ని, తూనిక యంత్రం ఒకటి, పళ్లేలు ముప్పై రెండు. తాళాలు శ్రీరమ్య చేతిలో పెట్టాను. వెనక గదిలో పిల్లలు ఏడుస్తున్నారు. బియ్యం ఇంకా కడగలేదు, అప్పటికే పది దాటింది.

ప్రేమమ్మ గారు ఒక కాగితం నా ముందుకి తోశారు. సిబ్బంది వివరాలు, ఏటా నింపేదే. పేరు, హోదా, విద్యార్హత, సంతకం. పేరు రాశాను. హోదా దగ్గర ఆయా అని రాశాను. విద్యార్హత గడిలో పదకొండేళ్లూ తొమ్మిది అనే రాశాను, చెయ్యి దానంతటదే అటు పోయింది. ఆపేశాను. ఆ గడి చిన్నది. అందులో పట్టేలా, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, జాగ్రత్తగా రాశాను: పది, నాలుగు సబ్జెక్టులు పాస్, ఒకటి రాయాలి.

ప్రేమమ్మ గారు కాగితం తిప్పి చదివారు. "ఇదేమిటి రెబ్కా? ఇలాంటి అర్హత ఎక్కడుంది? పాసన్నా కావాలి, లేకపోతే తొమ్మిదనన్నా ఉండాలి. కొట్టేసి తొమ్మిది అని రాయి."

"తొమ్మిది దాటాను అమ్మగారూ. లెక్కల్లో నలభై ఏడు వచ్చింది నాకు. నేను కొట్టెయ్యను. కొట్టెయ్యాలంటే మీరే కొట్టెయ్యండి."

నా గొంతు నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. వెనక గదిలో పిల్లలు కూడా ఏడుపు ఆపారు. శ్రీరమ్య తాళాలు పట్టుకుని గోడ పక్కన నిలబడిపోయింది. ప్రేమమ్మ గారు పెన్ను టోపీ తీశారు. ఆ గడి వైపు చూశారు, నా వైపు చూశారు. చాలాసేపు పెన్ను కాగితం మీద ఆనించకుండా పట్టుకున్నారు. తరవాత చెయ్యి కిందికి జరిపి, సూపర్‌వైజరు అని ఉన్నచోట సంతకం పెట్టారు. నేను రాసింది కొట్టెయ్యలేదు.